జస్టిస్ లీగ్: రెండు గంటలదా, నాలుగు గంటలదా, అసలు అవెంజర్సే నయమా?

సూపర్‌హీరోలందరూ కలిసి వచ్చే సినిమా ఏదైనా పెట్టమని ఇంట్లో పిల్లలో, గదిలో స్నేహితులో అడుగుతారు. రిమోటు పట్టుకుని జస్టిస్ లీగ్ అని వెతికితే రెండు కనిపిస్తాయి. ఒకటి 2017 నవంబరు 17న థియేటర్లకు వచ్చింది. నిడివి 120 నిమిషాలు. రెండోది 2021 మార్చి 18న నేరుగా ఓటీటీలోకి వచ్చింది. నిడివి 242 నిమిషాలు. నటీనటులు వాళ్లే, కథ స్థూలంగా అదే, దర్శకుడిగా తెర మీద పడే పేరు కూడా జాక్ స్నైడర్‌దే. ఇక మూడోది అవతలి కంపెనీ మార్వెల్ సరుకు, 2012 నాటి అవెంజర్స్. ఈ మూడింటిలో ఏది పెట్టాలన్నదే ఇక్కడి ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. పిల్లలుంటే, లేదా పదిమంది కలిసి ఒకే రాత్రి చూడాలంటే అవెంజర్స్. ఒక్కరే లేదా ఇద్దరు ముగ్గురు తీరిగ్గా కూర్చునేట్టయితే 2021 నాటి నాలుగు గంటల జస్టిస్ లీగ్, అదీ రెండు రాత్రులుగా. 2017 నాటి రెండు గంటల సినిమాను మొదటిసారి చూసేవాళ్లెవరికీ నేను సిఫారసు చేయను. అది ఒక్క రకం వాళ్లకే పనికొస్తుంది. వాళ్లెవరో తరవాత చెబుతాను.

అంత డబ్బు పెట్టిన సినిమాకు ఏమైంది?

2017 జస్టిస్ లీగ్‌కు ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లని అప్పట్లో లెక్క తేలింది. ప్రపంచమంతా కలిపి వచ్చింది సుమారు 66 కోట్ల డాలర్లు. వినడానికి లాభంలా ఉంటుంది కానీ, థియేటర్ల వాటా పోను, ప్రచారం ఖర్చు పోను చూస్తే సినిమా తీసిన వార్నర్ సంస్థకు మిగిలింది నష్టమే. ఇంతకన్నా నొప్పి పుట్టించే లెక్క ఇంకొకటుంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన వండర్ వుమన్ ఒక్కతే 82 కోట్ల డాలర్లు దాటించింది. 2013లో సూపర్‌మ్యాన్ ఒంటరిగా వచ్చిన మ్యాన్ ఆఫ్ స్టీల్ కూడా దాదాపు 67 కోట్లు తెచ్చింది. అంటే సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్, ఫ్లాష్, ఆక్వామ్యాన్, సైబోర్గ్ ఆరుగురూ కలిసి వచ్చి, ఒక్కరు తెచ్చినంత తేలేకపోయారు.

మల్టీస్టారర్ అంటే ఏమిటో మన హైదరాబాద్‌లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇద్దరు పెద్ద హీరోలను ఒకే సినిమాలో పెట్టాలనుకున్న దర్శకుడికి కథ కన్నా ముందు ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ఎవరి ఎంట్రీ ముందు? ఎవరికి ఎన్ని ఫైట్లు? ఇంటర్వెల్ ముందు షాట్ ఎవరి మీద ఆగాలి? ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆట చూసి బయటికొచ్చిన అభిమాని ఈ లెక్కలన్నీ వేళ్ల మీద చెప్పగలడు. ఇద్దరికే అంత తకరారైతే, ఆరుగురిని రెండు గంటల్లో సర్దాలన్న ఆలోచన ఎలాంటిదో ఊహించుకోండి. తలకు ఇరవై నిమిషాలు. అందులోనే విలన్, అతను వెతికే మూడు శక్తి పెట్టెలు, చనిపోయిన సూపర్‌మ్యాన్‌ను బతికించడం, పతాక పోరాటం. వార్నర్ సంస్థ పెద్దలు నిడివి రెండు గంటలు దాటకూడదని పట్టుబట్టారన్నది అప్పట్లో అందరూ రాసిన మాటే.

దానికి తోడు విషాదం. 2017 మార్చిలో స్నైడర్ కుమార్తె ఆటమ్ చనిపోయింది. ఆయన మే నెలలో సినిమా నుంచి తప్పుకున్నారు. మిగిలిన పనిని జాస్ వీడన్ చేతిలో పెట్టారు. ఈయనే 2012లో అవెంజర్స్ తీసినవారు. అవతలివాళ్లకు విజయం తెచ్చిన మనిషి వస్తే మనకూ అదే వస్తుందన్న ఆశ అందులో ఉండకపోదు. వీడన్ సన్నివేశాలు తిరగరాసి, చాలా భాగం మళ్లీ చిత్రీకరించారు. సంగీతం చేస్తున్న జంకీ ఎక్స్‌ఎల్‌ను తప్పించి డానీ ఎల్ఫ్‌మన్‌ను తెచ్చారు. రీరికార్డింగ్ దశలో సంగీత దర్శకుడు మారాడంటే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఫిల్మ్‌నగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

మీసం సంగతి తెలియనివాళ్ల కోసం: రీషూట్లకు పిలిచేనాటికి సూపర్‌మ్యాన్ వేషం వేసిన హెన్రీ కావిల్ మరో సినిమా కోసం గుబురు మీసం పెంచి ఉన్నాడు. ఆ సినిమా తీస్తున్న పారమౌంట్ వాళ్లు మీసం తీయడానికి ఒప్పుకోలేదు. దాంతో కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మీసం చెరిపేశారు. 2017 సినిమా తెరుచుకునేదే ఆ ముఖంతో. పిల్లలు ఫోన్‌లో సూపర్‌మ్యాన్‌ను ఇంటర్వ్యూ చేస్తుంటారు. అతను నవ్వుతుంటే పై పెదవి మాత్రం మైనంతో చేసినట్టు బిగుసుకుని ఉంటుంది. ఒకసారి కంటపడిందంటే ఆ తరవాత సినిమా అంతా మీ చూపు అక్కడికే పోతుంది.

కత్తిరింపు కాదు, అతుకులు

చాలామంది 2017 దాన్ని పొట్టి వెర్షన్ అనీ, 2021 దాన్ని పొడుగు వెర్షన్ అనీ అనుకుని, టైమ్ లేదు కదా పొట్టిదే చూద్దామనుకుంటారు. ఎంపిక తప్పేది అక్కడే. కృష్ణానగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్‌గా పనిచేసే మిత్రుడొకరు రెండింటినీ రెండు తెరల మీద పక్కపక్కన పెట్టి చూపించాడు. అతను మొదట అన్న మాట ఇదీ: "ఇది ట్రిమ్ చేసిన సినిమా కాదండీ, ప్యాచ్‌వర్క్ చేసిన సినిమా." ట్రిమ్ అంటే ఉన్న బట్టను కురచ చేయడం. ఇక్కడ సగం బట్ట తీసేసి వేరే రంగు ముక్కలు కుట్టారు.

రంగు అన్నది మాటవరసకు అన్నది కాదు. పతాక పోరాటాన్నే చూడండి. 2021లో ఆ ఆకాశం బూడిద రంగుకు దగ్గరగా, మబ్బు పట్టినట్టుంటుంది. 2017లో అదే చోటు కుంకుమ చల్లినట్టు ఎర్రగా మారిపోయింది. డీఐలో, అంటే రంగులు దిద్దే దశలో చేసిన మార్పు అది. పైగా అదే పోరాటంలోకి రష్యాలోని ఓ కుటుంబాన్ని తెచ్చి పెట్టారు. వాళ్లను మెరుపు వేగంతో పరిగెత్తే ఫ్లాష్ ట్రక్కుతో సహా నెట్టుకుంటూ పోయి కాపాడతాడు. 2021లో ఆ కుటుంబమే లేదు. అక్కడ ఫ్లాష్ చేసే పని వేరు, ఎన్నో రెట్లు పెద్దది. కాలాన్నే వెనక్కి తిప్పుతాడు. చూడనివాళ్ల కోసం అంతకు మించి చెప్పను.

అసలు తేడా మాత్రం సైబోర్గ్ పాత్రలో ఉంది. నాలుగు గంటల సినిమాను నేను వెనకేసుకొస్తున్నానంటే సగం కారణం ఆ కుర్రాడే. రే ఫిషర్ వేసిన విక్టర్ స్టోన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు. తండ్రి శాస్త్రవేత్త. కొడుకు ఆటకు వస్తానంటాడు, రాడు. ఆట చూసి కొడుకుతో తిరిగి వస్తున్న తల్లి కారు ప్రమాదంలో పోతుంది. ముక్కలైన కొడుకును తండ్రి ఆ పెట్టెల్లో ఒకదాని శక్తితో యంత్రంగా మార్చి బతికిస్తాడు. నన్ను అడిగి చేశావా అన్నది కొడుకు కోపం. ఇంకేం చేయను అన్నది తండ్రి బాధ. 2021 సినిమాలో ఈ గొడవ మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది.

అందులో ఒక చిన్న ఘట్టం ఉంది. ప్రపంచంలోని బ్యాంకులన్నీ తన చేతిలో ఉన్నాయని విక్టర్‌కు తెలుస్తుంది. హోటల్లో వడ్డన చేసి, బిడ్డలతో అవస్థలు పడుతున్న ఒక తల్లి అతని కంట పడుతుంది. ఆమె ఏటీఎం దగ్గర నిలబడి ఖాతాలో ఎంత మిగిలిందో చూసుకునేసరికి, ఊహించని మొత్తం కనిపిస్తుంది. మాటలు లేవు, పిడిగుద్దులు లేవు. ఒక మనిషికి దేవుడి శక్తి వస్తే మొదట ఏం చేస్తాడన్న ప్రశ్నకు ఆ సన్నివేశం జవాబు. 2017లో అది లేదు. ఆ తల్లి లేదు, ఫుట్‌బాల్ ఆట లేదు. 2021లో శత్రువు జాడ తెలియడం కోసం ప్రాణం ఇచ్చే తండ్రి, 2017లో హాయిగా బతికే ఉంటాడు. దాంతో ఆ పాత్ర జట్టులో కంప్యూటర్ పనులు చూసే కుర్రాడిగా మిగిలిపోయింది.

విలన్ సంగతీ అంతే. 2017లో స్టెపెన్‌వుల్ఫ్ ఎందుకు వచ్చాడో, ఎందుకు పోయాడో మర్నాటికి గుర్తుండదు. 2021లో అతనొక పరువు పోగొట్టుకున్న సేనాని. పైనున్న ప్రభువు డార్క్‌సైడ్ దగ్గర మళ్లీ చోటు సంపాదించుకోవాలని తపన పడతాడు. పై అధికారి ముఖం చూపించకపోవడం ఎంత బాధో తెలిసిన ఉద్యోగులకు అతని మీద కాస్త జాలి కూడా కలుగుతుంది.

2017 దానికి అనుకూలంగా చెప్పగలిగినవీ ఉన్నాయి. ఆక్వామ్యాన్ తెలియకుండా వండర్ వుమన్ సత్యపాశం మీద కూర్చుని మనసులో ఉన్నదంతా కక్కేసే హాస్యం బాగుంటుంది. అది వీడన్ రాసుకున్నదే. సూపర్‌మ్యాన్ జనాన్ని కాపాడుతూ కనిపిస్తాడు, ముఖం మీద నవ్వుంటుంది. 2021లో హాస్యం తక్కువ, స్లోమోషన్ ఎక్కువ. జాలర్ల ఊళ్లో ఆడవాళ్లు పాట పాడుతూ సాగనంపే సన్నివేశం దగ్గర మా ఇంట్లో ఒకరు లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చారు, తిరిగి వచ్చేసరికి ఏమీ పోలేదు. లాగ్ ఉందా అంటే ఉంది. కనీసం ముప్పై నిమిషాలు ఎవరికీ లోటు తెలియకుండా తీసేయవచ్చు. కానీ అది ఒకే మనిషి లాగ్, ఒకే మనిషి తలలోంచి వచ్చింది. చూస్తున్నంతసేపూ ఆ తేడా తెలుస్తూనే ఉంటుంది.

మరి అవెంజర్స్ ఎందుకు?

అవెంజర్స్‌కు అయిన ఖర్చు సుమారు 22 కోట్ల డాలర్లు, వసూళ్లు 150 కోట్లకు పైనే. అంత తేడా ఎలా వచ్చిందంటే ఓపిక వల్ల. 2008 నుంచి 2011 దాకా ఐదు సినిమాలు తీసి, ఐరన్‌మ్యాన్, హల్క్, థోర్, కెప్టెన్ అమెరికా ఎవరో ముందు జనానికి అలవాటు చేశారు. తరవాతే ఒక గదిలో కూర్చోబెట్టారు. జస్టిస్ లీగ్ హీరోల సొంతదారు డీసీ వాళ్లకు ఆ ఓపిక లేకపోయింది. జస్టిస్ లీగ్ వచ్చేనాటికి ఫ్లాష్‌కు గానీ, ఆక్వామ్యాన్‌కు గానీ, సైబోర్గ్‌కు గానీ సొంత సినిమా లేదు. అంతకుముందు ఏడాది వచ్చిన బ్యాట్‌మ్యాన్ వెర్సస్ సూపర్‌మ్యాన్‌లో వాళ్లను కంప్యూటర్ తెర మీద వీడియో ముక్కలుగా చూపించి సరిపెట్టారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అన్న సామెతను ఇంత కచ్చితంగా అమలు చేసిన స్టూడియో ఇంకొకటి ఉండదు.

అవెంజర్స్ 143 నిమిషాలు. ముందు సినిమాలేవీ చూడకపోయినా దారి తప్పరు. హీరోలు మొదట ఒకరితో ఒకరు తన్నుకుంటారు, ఎగిరే ఓడలో ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు, తమవాడొకడు చనిపోయాక ఒక్కటవుతారు. చివర న్యూయార్క్ వీధిలో వీపులు కలిపి నిలబడతారు, కెమెరా వాళ్ల చుట్టూ తిరుగుతుంది. హల్క్ విలన్ లోకిని బట్టలుతికినట్టు నేలకేసి బాదేచోట ఏ వయసువారైనా నవ్వుతారు.

లోపాలూ ఉన్నాయి. దృశ్యపరంగా స్నైడర్ సినిమా ముందు ఇది సాదాగా కనిపిస్తుంది. పై నుంచి దిగే గ్రహాంతర సైన్యానికి ముఖాలే లేవు, తల్లి ఓడ పేలగానే అందరూ ఒక్కసారిగా పడిపోవడం రచయిత సౌకర్యం కోసమే. అయినా రెండుంపావు గంటల తరవాత ఇంట్లో అందరూ ఒకే సినిమా గురించి మాట్లాడుకుంటారు. అందరినీ కూర్చోబెట్టి చూసే సినిమా నుంచి ఆశించేది అదే కదా.

ఎవరితో చూస్తున్నారు?

పదీ పన్నెండేళ్ల పిల్లలుంటే 2021 సినిమా జోలికి పోవద్దు. అమెరికాలో దానికి ఆర్ రేటింగ్ ఇచ్చారు. నెత్తురు కనబడుతుంది, తల తెగిపడుతుంది, బ్యాట్‌మ్యాన్ నోట బూతు కూడా వినిపిస్తుంది. అవెంజర్స్‌తో ఆ బాధ లేదు. పైగా అది తెలుగు డబ్బింగ్‌తోనే మన థియేటర్లలో విడుదలైంది కాబట్టి, తాతయ్య, నాయనమ్మ కూడా సబ్‌టైటిళ్ల కోసం కళ్లద్దాలు వెతుక్కోకుండా కూర్చోగలరు. జస్టిస్ లీగ్ విషయంలో మీ ఓటీటీలో తెలుగు ఆడియో ఉందో లేదో సినిమా మొదలుపెట్టకముందే చూసుకోండి. హక్కులు ఈ ఏడాది ఒకచోట, వచ్చే ఏడాది ఇంకోచోట ఉంటున్నాయి. అందుకే ఏ యాప్‌లో ఉందన్నది ఇక్కడ రాయడం లేదు.

పుట్టినరోజుకో, కాలేజీ స్నేహితుల కలయికకో మాదాపూర్, కూకట్‌పల్లి వైపు గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న ప్రైవేటు థియేటర్లు తీసుకుంటున్నారు. అక్కడ స్లాటు ఎక్కువగా రెండున్నర, మూడు గంటలే ఉంటుంది. నాలుగు గంటల సినిమా అందులో పట్టదు. ముందే చూసుకోకపోతే సూపర్‌మ్యాన్ లేచే వేళకు నిర్వాహకుడు తలుపు తడతాడు. కేక్ కోసే సమయం కూడా కలుపుకుంటే అవెంజర్సే సరిపోతుంది.

ఇక ఒక్కరే చూసేవాళ్లు, సినిమా అంటే ఇష్టమున్నవాళ్లు 2021 దానికే వెళ్లండి. అది ఆరు భాగాలుగా, చివర ఒక ఉపసంహారంతో ఉంటుంది. భాగం మారినప్పుడల్లా తెర మీద పేరు పడుతుంది కాబట్టి ఆపడం తేలిక. మూడో భాగం చివర ఆపండి. ఒక్కొక్కరి పరిచయం మొదటి రాత్రికి సరిపోతుంది. జట్టు కట్టడం, సూపర్‌మ్యాన్ తిరిగి రావడం, పోరాటం రెండో రాత్రికి మిగులుతాయి. హాలీవుడ్ సినిమాకు ఇంటర్వెల్ రాసుకోరు కాబట్టి మన థియేటర్లు మాట మధ్యలో లైట్లు వేసేస్తాయి. ఇంట్లో మాత్రం ఆ పని మీ చేతిలో ఉంది.

టీవీ గురించి కూడా ఒక మాట. ఈ సినిమా బొమ్మ దాదాపు చదరంగా, 4:3 కొలతలో ఉంటుంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. టీవీ పాడైందనుకుని ఇంట్లో ఎవరో ఒకరు జూమ్ నొక్కుతారు, బ్యాట్‌మ్యాన్ చెవులు తెగిపోతాయి. నొక్కనివ్వకండి. ఐమ్యాక్స్ తెరను దృష్టిలో పెట్టుకుని స్నైడర్ ఎంచుకున్న ఆకారం అది. 2003లో నెక్లెస్ రోడ్డు దగ్గర తెరుచుకున్న ప్రసాద్స్ ఐమ్యాక్స్ పాత తెర గుర్తున్నవాళ్లకు ఆ ఎత్తు వెంటనే అర్థమవుతుంది. అలాంటి తెర కోసం కట్టిన బొమ్మను చివరికి ఫోన్లలో చూడాల్సి వచ్చింది. మీరు మాత్రం ఫోన్‌లో చూడకండి. చీకటి సన్నివేశాలు ఎక్కువ కాబట్టి పగలు కర్టెన్లు వేసుకోక తప్పదు.

2017 సినిమా ఎవరికి పనికొస్తుందో చెబుతానన్నాను. ఎడిటింగ్, దర్శకత్వం నేర్చుకుంటున్నవాళ్లకు. ముందు 2021 చూసి, ఓ వారం తరవాత 2017 చూడండి. లండన్‌లో వండర్ వుమన్ పిల్లలను కాపాడే సన్నివేశం రెండింటిలోనూ ఉంది. ఎక్కడ కోశారు, సంగీతం మార్చగానే అదే షాట్ బరువు ఎలా మారింది, ఒక పాత్ర గతం తీసేస్తే దాని మాటలు ఎందుకు తేలిపోతున్నాయి అన్నవి రాసుకోండి. ఫీజు కట్టి చేరిన కోర్సులోనూ ఇంత స్పష్టమైన పాఠం దొరకదు. ఒకే కథ, ఒకే నటీనటులు, రెండు సినిమాలు పూర్తయి మన కళ్ల ముందున్న సందర్భాలు చాలా అరుదు. ఈ రెండోదాన్ని పూర్తి చేయడానికి సంస్థ మరో 7 కోట్ల డాలర్ల దాకా పెట్టాల్సి వచ్చింది, అదీ అభిమానులు ఏళ్ల తరబడి వెంటపడితే.

ఈ మూడూ వద్దు, ఒక్క హీరో కథ చాలనుకుంటే 2017 నాటి వండర్ వుమన్ పెట్టుకోండి. 141 నిమిషాలు. చివరి పోరాటం తప్ప మిగతాదంతా బాగుంటుంది.

2021 సినిమా ఎంచుకున్నవాళ్లకు చివరగా ఒకటి. ఆరో భాగంతో యుద్ధం అయిపోతుంది. ఉపసంహారం మొదట్లో తండ్రి రికార్డు చేసి పెట్టిన మాటలను విక్టర్ వింటాడు, అది తప్పక వినండి. ఆ తరవాత సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్ పడవ, ఎడారి, జోకర్ వస్తారు. అవన్నీ రాబోయే సినిమాల కోసం వేసిన ఎరలు. ఆ సినిమాలు రాలేదు, రావు. 2025లో కొత్త నటుడితో, కొత్త కథతో సూపర్‌మ్యాన్ మళ్లీ మొదలైపోయాడు. కాబట్టి మర్నాడు ఆఫీసు ఉంటే లూథర్ కనిపించగానే టీవీ కట్టేసి పడుకోవచ్చు.